గంటసేపు వెలగాలి

బల్బు వెలిగింది. వెలగడం ఏం గొప్ప, మొదట్లో అన్నీ వెలుగుతాయి, అవనిగడ్డలో ఆ మహానుభావుడు అంటగట్టిన బ్యాటరీ కూడా మొదట్లో దివ్యంగానే వెలిగింది అనుకుంటూ కృపావరం తువ్వాలుతో మెడ తుడుచుకుని ముక్కాలిపీట మీద సర్దుకు కూర్చున్నాడు. గుడివాడ బియ్యం మిల్లు వెనక రేకుల షెడ్డు అది. ఎదురుగా బల్ల మీద కారు బ్యాటరీ ఒకటి, కొత్తది కాదు, విప్పి మళ్ళీ కట్టినది. దాని నెత్తిమీది సీసపు మొనలు రెండింటికీ రెండు తీగలు, ఆ తీగల చివర ఏ లారీ ముందు దీపంలోంచో ఊడదీసిన బల్బు. "గంటసేపు వెలగాలి. ఎర్రబడకుండా వెలిగిందా, నీ అదృష్టం. ఈలోగా నువ్వు తెచ్చినదాన్ని విప్పి చూస్తాను," అని దాన్ని కట్టిన సుందరరాజు కృపావరం పాత బ్యాటరీని ముందుకి లాక్కుని, దాని మీది తారుని కాల్చిన ఉలితో చెక్కడం మొదలుపెట్టాడు. మిల్లు డైనమో చప్పుడుకి షెడ్డు రేకులు సన్నగా వణుకుతున్నాయి. ఊక వాసన, కాలిన తారు వాసన, వాటి మధ్య ముక్కుని పొడిచే యాసిడ్ వాసన. గంటంటే ఎంత, బందరు నుంచి పామర్రు పోయేంతసేపు, డాక్టరుగారి బండిలో అయితే ఇంకాస్త ఎక్కువ, నెమ్మదిగా పోనీ కృపావరం, నెమ్మదిగా పోనీ అంటూనే ఉండేవారాయన. ఈ గంట మాత్రం అసలు కదిలేలా లేదు.

రేపు డాక్టరు నరసింహమూర్తిగారి సంవత్సరీకం. ఆయన బతికుండగానే అందరి ముందూ అన్నారు, నా తర్వాత ఈ ఆస్టిన్ బండి కృపావరానిదే, ఇంకెవడి చేతికి ఇచ్చినా ఇది మొరాయిస్తుంది అని. నవ్వుతూ అన్నారు. నవ్వుతూ అన్నా మాట మాటే అని పట్టుబట్టిన మనిషి ఆయన భార్య కామేశ్వరమ్మగారు. "ఆయన ఇచ్చిన మాట నేనెందుకు తీసేస్తాను కృపావరం, బండి నీదే. కానీ మా మరిదిగారు వేరే మాట అంటున్నారు. ఏడాది దాకా చూద్దాం. సంవత్సరీకం నాటికి నడిపించుకు వెళ్తావా, సరే. లేకపోతే ఆయన ఇష్టం," అన్నారావిడ, తలుపు చాటు నుంచి. మరిదిగారంటే నాగభూషణరావుగారు, కలెక్టరాఫీసులో పెద్ద గుమాస్తా. ఆయన ఇష్టం ఏమిటో బందరంతటికీ తెలుసు. పామర్రులో ఎవరో నీళ్ళు తోడే పంపుకి ఇంజను కావాలంటున్నారు, బండిని ఎడ్లకు కట్టి లాక్కుపోయి, ఇంజను పీకి, మిగతాది పాత ఇనుములో వేసుకుంటారు. అదీ సంగతి. బల్బు గంటసేపు వెలిగితే కృపావరం రేపు పొద్దున్న ఆస్టిన్ బండి తోలుకుంటూ ఆ ఇంటి గుమ్మం ముందు నుంచి పోతాడు, మళ్ళీ డ్రైవరు కృపావరం అవుతాడు. వెలగలేదా, ఎల్లుండి నుంచి మళ్ళీ గిలకలదిండి రేవులో చేపల బుట్టలు ఎత్తడమే, బస్సుల యజమాని బసవయ్య దగ్గర బస్సులు కడగడమే.

ఎంత తిరిగాడు ఈ ఏడాదీ! కాళ్ళరిగేలా అంటారే, నిజంగానే చెప్పులరిగాయి. హ్యాండిలు వేసి తిప్పితే స్టార్టవ్వదా అని అడగని వాడు లేడు, అడిగిన ప్రతి వాడికీ విసుక్కోకుండా చెప్పాడు, తిప్పడానికి నా రెక్కలున్నాయి బాబూ, లోపల నిప్పు రవ్వ పుట్టడానికి కాస్త కరెంటు ఉండాలి కదా అని. యుద్ధం వచ్చిన దగ్గర్నుంచీ కొత్త బ్యాటరీ అన్నది మిలిటరీ వాళ్ళకీ పర్మిట్లున్న పెద్దవాళ్ళకీ తప్ప కంటపడితే ఒట్టు. నల్లబజారులో అడిగితే వాడు చెప్పిన ధరకి ఇంకో పాత బండే కొనుక్కోవచ్చు. బసవయ్య దగ్గర ఉన్నవి బస్సులకే చాలవు. కోడూరులో ఎవరింట్లోనో రేడియోకి పెట్టిన కారు బ్యాటరీ ఉందంటే పడవలో ఏరు దాటి వెళ్ళాడు, తీరా చూస్తే ఆ రేడియోలో యుద్ధం వార్తలు వినడానికి ఊరు ఊరంతా అరుగు మీద చేరి ఉంది, ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు, ఇంత మజ్జిగ తాగి వార్తలు తనూ విని వచ్చేశాడు. ఇక అవనిగడ్డ. అబ్బ, అవనిగడ్డ! నిగనిగలాడే తారు పూసి, ఇత్తడి చెంబులా తోమిన మొనలతో, ముద్దొచ్చేలా ఉంది బ్యాటరీ. వెలిగింది కూడా. భుజాన వేసుకుని పులిగడ్డ దాకా నడిచి, అక్కణ్ణుంచి బస్సు ఎక్కించి, దార్లో ఓ ముసలమ్మ దాని మీద కూర్చోబోతే బతిమాలి లేపి, ఇంటికి తెస్తే తెల్లారేసరికి అందులో ప్రాణం లేదు. పైన పూసిన తారు ఒక్కటే కొత్తది. సత్యవతి చూసి ఏమీ అనలేదు. కృపావరం భార్య ఏమీ అనకుండా ఊరుకుంది అంటే అది మామూలు కోపం కాదు.

సుందరరాజు పేరు చెప్పింది బసవయ్యే. నాలుగు చచ్చిన బ్యాటరీలు విప్పి, వాటిలో ఇంకా జీవమున్న ప్లేట్లు ఏరి, మధ్య కొత్త చెక్క పలకలు పెట్టి ఒక బతికున్న బ్యాటరీ కడతాడట. ధర కూడా మనలాంటి వాళ్ళు పెట్టగలిగినంతే. అయితే ఆయనకి ఒక పిచ్చి ఉంది. పాత బ్యాటరీ తెచ్చి ముందు నా చేతిలో పెట్టు అంటాడు. విప్పి చూస్తాడు. వయసు మీరి పోయిందా, ఇస్తాడు. నీ అశ్రద్ధ వల్ల పోయిందా, వెళ్ళిరా నాయనా అంటాడు. దొరకని కాలంలో కట్టినవి, పాడు చేసుకునేవాడి చేతిలో పెట్టను అంటాడు. మొన్నెప్పుడో ఓ మిల్లు యజమాని డ్రైవరుని, రెట్టింపిస్తానన్నా, గేటు దాకా సాగనంపాడట. ఆ మాట విన్నప్పుడే కృపావరానికి గుండెలో రాయి పడింది. పడినా గోనెసంచిలో పాత బ్యాటరీ చుట్టుకుని పొద్దున్న రైలెక్కేశాడు. ఎక్కాక చూస్తే ఎదురు బల్ల మీద రాంబాబుగారు.

రాంబాబుగారు ఇప్పుడు షెడ్డు గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని పేపరు చదువుతూ మధ్యమధ్య పొట్లంలోంచి లడ్డు చిదుపుకు తింటున్నాడు. నాగభూషణరావుగారి కింద పనిచేసే గుమాస్తా. చెడ్డవాడు కాదు, చెడ్డవాడవడానికి కావలసినంత ఓపిక లేని మనిషి. "మా పెద్దాయన వెళ్ళి కళ్ళతో చూసి రమ్మన్నాడయ్యా, నువ్వు నిజంగా బ్యాటరీ కోసం వెళ్తున్నావో, గడువు పెంచమనడానికి నాటకమాడుతున్నావో అని. నాకేం పట్టింది, సెలవు ఇచ్చాడు కాబట్టి వచ్చాను," అన్నాడు రైల్లో. అని లడ్డు ముక్క పెట్టాడు, చెయ్యి తగలకుండా పై నుంచి వేసినా పెట్టడం పెట్టాడు. ఇక్కడ ఏ మాట పడినా సాయంత్రానికి ఆ మాట బందరులో నాగభూషణరావుగారి చెవిలో ఉంటుంది.

నాగభూషణరావుగారు ఏడాది పొడుగునా అంటున్న మాట ఒక్కటే. బ్యాటరీ నిలబెట్టుకోలేనివాడు డ్రైవరేమిటి, అన్నయ్య పోగానే పట్టించుకోవడం మానేశాడు, నీళ్ళు పోశాడో లేదో, ఏ తీగ ఎక్కడ తగిలించి వదిలేశాడో, వీడికి బండి ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. నీళ్ళు పొయ్యడమా! కృపావరానికి ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి. బందరు బావుల్లో ఉప్పునీళ్ళు తప్ప ఏమున్నాయి, ఆ నీళ్ళు పడితే ప్లేట్లు కుళ్ళిపోతాయని ఊళ్ళో సగం మంది డ్రైవర్లకి తెలియని రోజుల్లో డాక్టరుగారు డిస్పెన్సరీలో ఆవిరి పట్టి దించిన నీళ్ళ సీసా ఒకటి బండి కోసం వేరే పెట్టించేవారు. ఇంజక్షనుకీ ఆస్టిన్‌కీ ఒకే నీళ్ళురా అనేవారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆ సీసాలో నీళ్ళు గరాటా పెట్టి చుక్క చుక్క లెక్కగా పోసేవాడు కృపావరం, చంటిపిల్లకి పాలు పట్టినట్టు. ఆ చేత్తో పెంచిన బ్యాటరీ అది. అది ఎందుకు పోయిందో కృపావరానికి తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, నాగభూషణరావుగారి నోరు మూతపడుతుంది. ఆ ఒక్క మాటే ఏడాదిగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

బల్బు కాస్త అదిరిందా? లేదు, ఈగ వాలింది. తెల్లగానే ఉంది. సుందరరాజు తారు పెచ్చు ఒకటి ఊడదీసి పక్కన పడేశాడు. చెయ్యి నిదానంగా పోతోంది, తొందర లేదు ఆయనకి, డాక్టరుగారు కూడా అంతే, కట్టు విప్పేటప్పుడు ఎంతసేపు పడితే అంతసేపు. నాన్న కాలి పుండు కట్టు ఆయన విప్పుతుంటే చూశాడు మొదటిసారి, కోడూరు దగ్గర పాకలో. తుఫాను వెళ్ళిపోయిన వారం, చేలల్లో ఇంకా ఉప్పునీళ్ళు, నాన్న మత్తయికి కాలు వాచి నల్లబడింది, డాక్టరుగారు మోకాళ్ళ దాకా బురదలో నడిచి మాలపల్లెలోకి వచ్చారు, వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అమ్మ ధనమ్మ కంగారుపడి పీట కోసం వెతుకుతుంటే, ఉండమ్మా, నేలకేమైంది అన్నారు. నాన్న బతికాడు. కుంటుతూ బతికినా పదేళ్ళు బతికాడు. వెళ్తూ వెళ్తూ కృపావరాన్ని ఎగాదిగా చూసి, ఏరా, బండి తోలడం నేర్చుకుంటావా అని అడిగారు. ఎడ్ల బండి అనుకుని, వచ్చండీ అన్నాడు తను. ఆయన ఎంత నవ్వారో! మంగినపూడి ఇసుకలో నేర్పించారు, గుద్దినా ఇసుకే కదరా అని. గుద్దాడు కూడా, ఎండబెట్టిన వలల గుట్టని. చేపల వాళ్ళు కర్రలతో వస్తే డాక్టరుగారే దిగి, నేనే నేర్పుతున్నానయ్యా, తప్పు నాదే అన్నారు.

ఆ ఇంట్లో కృపావరం అడుగుపెట్టింది బండి పాక దాకానే. పెరటి వైపు అరుగు మీద విస్తరి వేసేవారు కామేశ్వరమ్మగారు, కొసరి కొసరి వేసేవారు, కానీ పైనుంచే వేసేవారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ చూసింది అదే. బండిలో మాత్రం అది ఉండేది కాదు. బండి తలుపు పడిందంటే ఆయనా తనూ ఒక్క గదిలో మనుషులు. ఘంటసాల దాటాక టిఫిను క్యారియరు విప్పి, ఇదిగో నీ వాటా అని ముందుకి అందించేవారు, చేతిలో చెయ్యి తగిలేది, దాన్ని ఇద్దరిలో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. దివిసీమ దారుల్లో ఎన్ని ఊళ్ళు, ఎన్ని పురుళ్ళు, ఎన్ని పాముకాట్లు, పులిగడ్డ దగ్గర ఏరు దాటే వంతు కోసం ఆగి ఎన్ని మధ్యాహ్నాలు. ఆయన మాట్లాడేవారు, తను వినేవాడు, కొన్నాళ్ళకి తనూ మాట్లాడేవాడు. సత్యవతితో చెప్పని మాటలు కూడా ఆ బండిలో చెప్పాడు. ఆఖరి రోజున కూడా కోడూరు నుంచే వస్తున్నారు. చల్లపల్లి దాటాక, నెమ్మదిగా పోనీ కృపావరం, కాస్త కునుకు తీస్తాను అన్నారు. అంతే. ఇంకేం మాట్లాడలేదు. నిద్రపోతున్నారు కదా అని గోతులు తప్పిస్తూ, హారను కొట్టకుండా, గేదెలు అడ్డమొస్తే అవి తప్పుకునేదాకా ఆగి, ఊపిరి బిగబట్టుకుని మరీ తోలాడు బందరు దాకా. ఇంటి ముందు ఆపి తలుపు తీసి, అయ్యగారూ, వచ్చేశామండి అన్నాడు. ఎక్కడ పోయారో తెలియదు. ఏ ఊరి దగ్గరో, ఏ మలుపులోనో తెలియదు. ఎంత జాగ్రత్తగా తోలాడు, ఎవర్ని లేపకూడదని తోలాడు!

కళ్ళలోకి ఏదో వచ్చినట్టయి కృపావరం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. యాసిడ్ ఘాటు, అని పైకే అన్నాడు. రాంబాబుగారు పేపరు మీంచి ఒకసారి చూసి మళ్ళీ చదువులో పడ్డాడు. చావింట్లో ఆ సాయంత్రం పురోహితుడికీ నాగభూషణరావుగారికీ పెద్ద తర్జనభర్జన. ప్రాణం పోయిన చోట పది రోజులూ దీపం ఆరకుండా ఉండాలి, అది ఆ ఇళ్ళలో పద్ధతి. చోటెక్కడ? రోడ్డు మీద ఎక్కడో. ఎక్కడో తెలియని చోట దీపం ఎలా పెడతారు? చివరికి పురోహితుడు తేల్చాడు, ఊరేదైనా ప్రాణం పోయింది బండిలో, కాబట్టి దీపం బండిలోనే ఉండాలి అని. కామేశ్వరమ్మగారు ఇత్తడి ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, వెలిగించి తెచ్చారు. అప్పటికి ఆవిడ మొహంలో ఏడుపు కూడా లేదు. కృపావరం అడ్డం నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి ఆవిడకి అడ్డం నిలబడ్డాడు. అమ్మగారూ వద్దండి, పెట్రోలండి, అంటుకుంటే ఇల్లే పోతుంది. ఆవిడ దీపం పట్టుకుని అలాగే నిలబడి, "మరి ఆయన్ని చీకట్లో ఉంచమంటావా?" అన్నారు.

బండి లోపల కప్పుకి చిన్న దీపం ఉండేది, రాత్రిళ్ళు మందులపెట్టె వెతుక్కోవడానికి ఆయన బెజవాడ నుంచి తెప్పించి బిగించుకున్నది. అది వెలిగింది. ఆ వెలుగులో వెనక సీటు మీద ఆయన మడతపెట్టిన ఉత్తరీయం ఇంకా అలాగే ఉంది. అందరూ సరే, ఇదీ దీపమే అన్నారు. పది రోజులు. వాకిట్లో ఏడుపులూ మంత్రాలూ, వచ్చేపోయే చుట్టాలు, కట్టెపొయ్యి మీద వంటలు. కృపావరం బండి పాకలో బండి పక్కనే గోనె పరుచుకుని పడుకున్నాడు. సత్యవతి మూడోనాడు వచ్చి చూసి వెళ్ళింది. "వాళ్ళ దీపానికి నువ్వు కాపలా ఏమిటి? ఆదివారం గుడికి కూడా రాలేదు. అయ్యగారు అడుగుతున్నారు," అంది. పాస్టరు అయ్యగారు తర్వాత ఒక్కణ్ణీ పిలిచి మెల్లిగా అడిగారు, అలాంటివి నమ్ముతావా కృపావరం అని. నమ్ముతున్నాడో లేదో తనకే తెలియదు, ఏం చెబుతాడు. ఇంట్లో కొడుకు లాంటి తమ్ముడు ఉన్నాడు, కర్మ చేశాడు. భార్య ఉంది, చెయ్యవలసినవి ఆవిడకీ ఉన్నాయి. చుట్టాలకి స్నానాలున్నాయి, మైలలున్నాయి. డ్రైవరుకి ఏముంది? ఇరవై ఏళ్ళు ఆయన ముందు సీట్లో కూర్చున్నవాడు ఎన్నాళ్ళు ఏడవాలో, ఏం చెయ్యాలో, ఎక్కడ నిలబడాలో చెప్పే శాస్త్రం వాళ్ళలోనూ లేదు, మనలోనూ లేదు.

మూడోరోజుకే దీపం పసుపురంగుకి తిరిగింది. బ్యాటరీ అసలే ముసలిది. ఆరో రోజుకి నారింజ. తొమ్మిదో రోజున బీడీ కొసలా ఎర్రగా, చేత్తో నీడ పెడితే తప్ప కనపడనంతగా. అయినా కామేశ్వరమ్మగారు రోజూ సాయంత్రం పాక గుమ్మం దాకా వచ్చి, చూసి, ఉంది, అని తనలో తాననుకుని వెళ్ళేవారు. పదోనాడు తీసేయవచ్చన్నాక బ్యాటరీ విప్పి బసవయ్య దగ్గర చార్జింగుకి పెడితే అది పట్టుకోలేదు. రెండోసారీ పట్టుకోలేదు. అమ్మగారు అడిగారు ఏమైందని. ముసలిదైపోయిందండి అన్నాడు. ఇంకేం అంటాడు? మీ దీపం తాగేసిందండి, ఆయన నాకిచ్చిన బండిని మీరు పెట్టిన దీపమే చంపేసిందండి అనా? ఆవిడకి మిగిలిన తృప్తి ఒక్కటే, ఆయన్ని చీకట్లో ఉంచలేదని. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని బతుకుతున్న మనిషి దగ్గర నుంచి దాన్ని లాక్కుంటాడా? నాగభూషణరావుగారు తిట్టనీ. ఆవిడ దీపం వల్ల పోయిందని ఏడాదిగా కృపావరానికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు, అలాగే ఉండనీ.

"ఊఁ," అన్నాడు సుందరరాజు.

బ్యాటరీ పొట్ట తెరుచుకుంది. నల్లగా ఉండాల్సిన ప్లేట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆయన ఒకటి పైకి లాగి, వేలితో గీకి, వెలుతురుకి పెట్టి చూసి, దాని పక్కది కూడా లాగి చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కృపావరం వైపు తిరిగాడు.

"నీళ్ళు బాగా పోశావయ్యా. మంచి నీళ్ళే పోశావు, పెట్టె అడుగున మడ్డి కూడా లేదు. ముసలిదే, కాదనను. కానీ ఇది వయసు వల్ల పోలేదు. రోజుల తరబడి దీపం వెలుగుతూ ఉండగా వదిలేశారు దీన్ని. చుక్క మిగలకుండా పీల్చేసింది. ఎవరయ్యా ఆ పని చేసింది?"

నులకమంచం కిర్రుమంది. రాంబాబుగారు పేపరు మడిచాడు. ఏడాదిగా నోట్లో ఉన్న మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. మా అమ్మగారండి, అంటే అయిపోతుంది. చావింటి దీపం అని తెలిస్తే ఈయన కాదనడు, బ్యాటరీ చేతిలో పెడతాడు. పెట్టాక? సాయంత్రం నాగభూషణరావుగారు వింటారు. రేపు సంవత్సరీకానికి చేరిన చుట్టాల మధ్య, అందరి భోజనాలయ్యాక, వదినగారూ మీకు తెలుసా, మీరు పెట్టిన దీపమేనట అంటారు, ఆయన ఊరుకునే మనిషి కాడు. తలుపు చాటున ఆవిడ మొహం ఎలా ఉంటుందో కృపావరానికి కనపడింది. పోనీ, నేనే మర్చిపోయానండి అంటే? అంటే నాగభూషణరావుగారు అన్నదే నిజమవుతుంది, ఈ బ్యాటరీ రాదు, రేపు ఎడ్లు వస్తాయి. బల్బు తెల్లగా వెలుగుతూనే ఉంది, దాని వంక చూడబుద్ధి కాలేదు. ఆవిడ దీపమే కదా, ఆవిడే కదా అని మనసులో మళ్ళీ ఆ సాయంత్రాన్ని నిలబెట్టుకుని చూశాడు. ఇత్తడి ప్రమిద, ఆవిడ రెండు చేతులు, నూనె తొణక్కుండా పట్టుకున్న రెండు చేతులు. మరి ఆయన్ని చీకట్లో ఉంచమంటావా. ఆ తర్వాత? దీపం వెలిగింది. ఎవరు వెలిగించారు? ఆవిడకి ఆ స్విచ్చి ఎక్కడుంటుందో కూడా తెలియదు. బండి తలుపు తీసి, లోపలికి వంగి, కప్పు దాకా చాచిన చెయ్యి ఎవరిది? బొటనవేలి గోరు కింద గ్రీజు ఉన్న చెయ్యి. ఆవిడ అడిగింది ఒక్క మాట, అంతే. అడగకపోయినా వెలిగించేవాడు. మూడోరోజున పసుపురంగుకి తిరిగినప్పుడు అనుకున్నాడు కూడా, అద్దాల లాంతరు ఒకటి తెచ్చి పాకలో దూరంగా పెట్టి దీన్ని ఆర్పేస్తే బ్యాటరీ దక్కుతుందని. లాంతరు ఆ పాకలోనే మేకుకి వేలాడుతోంది. అమ్మగారు సరేననేవారే. తను అడగలేదు. గోనె మీద పడుకుని బండి కిటికీలోంచి ఆ వెలుగుని చూస్తూ పడుకున్నాడు. ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు ఇది ఆవిడ దీపం అని మోశాడు!

"నేనేనండి," అన్నాడు.

"మర్చిపోయావా?"

"లేదండి. తెలిసే ఉంచాను."

సుందరరాజు మొహం ముడుచుకుంది. "తెలిసే? ఇంత బాగా చూసుకున్నవాడివి, అలా ఉంచితే ప్లేట్లు పోతాయని తెలీదా నీకు?"

"తెలుసండి. మూడోనాటికే తెలుసు రాజుగారూ. ఆర్పొచ్చు. ఆర్పితే దక్కేది." తెల్లబడ్డ ప్లేట్ల వంక చూశాడు. "మా డాక్టరుగారు ఆ బండిలోనే పోయారండి. నేను తోలుతుండగానే పోయారు. నాకు తెలీలేదు. ఆ దీపం ఆర్పడానికి నాకు చేతులు రాలేదండి."

చెప్పాక ఇక ఆగలేదు. ఏడాదిగా రానిది, చావింట్లో రానిది, సమాధుల దొడ్లో నాన్న దగ్గర కూర్చుని ప్రయత్నించినా రానిది, ముక్కూ మొహం తెలియని మనిషి షెడ్డులో, నాగభూషణరావుగారి గుమాస్తా ఎదుట, వెక్కి వెక్కి వచ్చేసింది. తువ్వాలు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు. సిగ్గనిపించింది, అయినా హాయిగా ఉంది. మిల్లు డైనమో తన పాటికి తను తిరుగుతోంది. సుందరరాజు తెల్లబడ్డ ప్లేటుని చేతిలో అటూ ఇటూ తిప్పి, మెల్లిగా పెట్టెలో దాని చోట దాన్ని పెట్టేశాడు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, బల్బు తీగలు రెండూ ఊడదీసి, కొత్తగా కట్టిన బ్యాటరీ పైన చిందిన యాసిడ్‌ని సోడా నీళ్ళ గుడ్డతో తుడిచాడు.

"ఇంకా గంట కాలేదేమో రాజుగారూ," అన్నాడు రాంబాబుగారు గుమ్మంలోంచి.

"నాకు తెలుసులేవయ్యా." సుందరరాజు బ్యాటరీని కృపావరం తెచ్చిన గోనెసంచిలోకే దింపాడు. "ఇదిగో, ఇది తిరిగి కట్టింది. ఎన్నాళ్ళు వస్తుందో నేను చెప్పలేను. దీని దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి నువ్వు. ఎవరు పోయినా సరే, దీపం ఆర్పాలి."

"అలాగేనండి," అన్నాడు కృపావరం, ముక్కు ఎగబీలుస్తూ.

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. సంచి ఎత్తి భుజాన వేసుకోబోతే రాంబాబుగారు ఆగమన్నాడు. లడ్డు పొట్లం జేబులో కుక్కుకుని, కండువా నడుముకి బిగించి, సంచి రెండో కొస తను పట్టుకున్నాడు. ఇద్దరి వేళ్ళూ ఒకే గోనె ముడి మీద పడ్డాయి. స్టేషను దారిలో కొంతదూరం దాకా ఆయన బరువుకి ఒగరుస్తూ నడిచాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు. "మా పెద్దాయన అడుగుతాడు కదయ్యా సాయంత్రం. నేనేం చెప్పను?"

తను అన్నమాట తన నోటితోనే ఊళ్ళోకి పోతుంది. నాగభూషణరావుగారు చూశారా, నేను మొదటినుంచీ చెప్పలేదూ, వాడే పాడు చేశాడు అని పదిమందికీ చెబుతారు. చెప్పనీ. అమ్మగారు కూడా వింటారు. విని, తలుపు చాటునే నిలబడి, ఒక్క క్షణం ఆగి, ఆ మాట తీసుకుని ఇంట్లోకి వెళ్తారు. ఏమనుకుంటారో అది ఆవిడ ఇష్టం.

"విన్నదే చెప్పండి రాంబాబుగారూ," అన్నాడు కృపావరం. "అది నా దీపమని చెప్పండి."